గోదావరి జిల్లాల్లో పైలట్ వాచీ: ముందు తడి సంగతి, తర్వాత అరగంట సంగతి

మూడు లక్షల నుంచి పది పన్నెండు లక్షల దాకా పెట్టడానికి సిద్ధపడి, ఏ పైలట్ వాచీ తీసుకోవాలో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. భీమవరంలో రొయ్యల పట్టుబడి కలిసొచ్చిన రైతు, అమలాపురంలో అల్లుడికి కలకాలం గుర్తుండే వాచీ పెట్టాలనుకునే మామగారు, రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి స్థిరపడిన డాక్టరుగారు, అబ్బాయికి పైలట్ లైసెన్సు వచ్చిన కాకినాడ తల్లిదండ్రులు. అందరూ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ షోరూముకు వెళతారు. అక్కడ యుద్ధ విమానాల కథలు, అట్లాంటిక్ దాటిన వీరుల కథలు చెబుతారు. నాకూ ఆ కథలంటే ప్రాణం. కానీ ఆ వాచీ రేపటి నుంచి బతకాల్సింది మన ఉక్కపోతలో, చెరువు గట్ల మీద, ముసురు పట్టిన శ్రావణంలో. అందుకే కథ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

అసలు పైలట్ వాచీ అంటే

1904లో సాంటోస్ డ్యూమాంట్ అనే బ్రెజిల్ వైమానికుడు, గాల్లో ఉండగా జేబు గడియారం తీసి చూడటం కుదరడం లేదని పారిస్‌లో తన స్నేహితుడు లూయీ కార్టియేకు చెప్పుకుంటే, ఆయన చేతికి కట్టుకునే వాచీ చేసిచ్చాడు. 1940 నాటికి జర్మన్ వైమానిక దళం కోసం ఐదు కంపెనీలు 55 మిల్లీమీటర్ల వాచీలు చేశాయి. నల్ల డయల్, పెద్ద పెద్ద తెల్ల అంకెలు, గ్లౌజు తొడుక్కున్నా తిరిగే లావుపాటి క్రౌన్, అంటే కీ ఇచ్చే పక్క బొత్తం. 1948లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ కోసం స్విస్ కంపెనీ ఐడబ్ల్యూసీ చేసిన మార్క్ 11 వచ్చింది. ఇవాళ పైలట్ వాచీ పేరుతో అమ్మేవన్నీ ఎక్కువ తక్కువగా ఈ మూడింటి సంతానమే.

మన ఇళ్లలో మాత్రం పైలట్ వాచీ అనగానే గుర్తొచ్చేది హెచ్‌ఎంటీ పైలట్. నల్ల డయల్, 17 జ్యూయెల్స్ (లోపల అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకోవాలి. అది లగ్జరీ వాచీ కాదు. అయినా మీకు కావాల్సింది ఆ నల్ల డయల్ అందం, కీ ఇచ్చుకునే ఆనందం మాత్రమే అయితే, లక్షలు పెట్టే ముందు మంచి కండిషన్‌లో ఉన్న హెచ్‌ఎంటీ ఒకటి చేతికి పెట్టి చూసుకోండి. దానితోనే మనసు నిండేవాళ్లు చాలామంది ఉంటారు.

మొదటి కొలత: తడి, చెమట, ఉప్పు

డెల్టాలో వాచీని చంపేది దెబ్బ కాదు, తేమ. మే నెలలో చెమట, జూలై నుంచి వాన, ఏడాది పొడవునా గాలిలో తడి. రొయ్యల చెరువుల వైపు అయితే దానికి ఉప్పు తోడవుతుంది. వాచీ లోపలికి తేమ చేరితే నూనె పాడవుతుంది, ముళ్ల మీద తుప్పు చుక్కలు లేస్తాయి, ఆ తర్వాత రిపేరు బిల్లు వేలల్లో ఆగదు.

వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే ముప్పై మీటర్ల లోతుకు దిగొచ్చని కాదు. ప్రయోగశాలలో, కదలని నీటిలో, కొత్త వాషర్లతో పెట్టిన పరీక్ష అది. వాడుకలో 30 అంటే చేతులు కడుక్కోవచ్చు, నాలుగు చినుకులు పడినా భయం లేదు, అంతే. కాలువలో ఈతకు, చెరువులో దిగి వల లాగడానికి కనీసం 100 ఉండాలి. క్రౌన్ మర బిగించేది అయ్యుండాలి, బిగించి ఉండాలి కూడా. టైము సరిచేసి క్రౌన్ బిగించకుండా వదిలేసిన వాచీ మీద 100 అని రాసి ఉన్నా, ఆ అంకెకు విలువ లేదు.

బెల్టు సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. పైలట్ వాచీలు ఎక్కువగా దళసరి తోలు బెల్టుతో వస్తాయి. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. మన చెమటకు లోపలి పొర ముందు నల్లబడుతుంది, తర్వాత వాసన వస్తుంది, ఆ తర్వాత కుట్ల దగ్గర చీలుతుంది. కంపెనీ తోలు బెల్టు మళ్లీ కొనాలంటే పాతిక, ముప్పై వేల మాట. కాబట్టి కొనేటప్పుడే స్టీలు చైనుతో తీసుకోండి. తోలు బెల్టు మీద మోజుంటే విడిగా కొని, కార్తీకం నుంచి మాఘం దాకా పెళ్లిళ్లకు వాడుకోండి. మిగతా రోజుల్లో చైను, రబ్బరు, లేదా నైలాన్ బెల్టు.

రెండో కొలత: ఆ అరగంట

ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటున్న విషయం. మన కోనసీమలో, పశ్చిమ గోదావరిలో గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనిషి లేని ఇల్లు తక్కువ. అందుకని రెండు దేశాల టైము చూపించే జీఎంటీ వాచీ అంటే చాలామందికి ఆశ. నాలుగో ముల్లు ఒకటి ఉంటుంది, అది 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది, దాంతో రెండో ఊరి టైము చదువుకోవచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఆ వాచీల్లో రెండు టైములకూ నిమిషాల ముల్లు ఒక్కటే. రెండు ఊళ్ల మధ్య తేడా నిండు గంటల్లో ఉంటేనే అది సరిగ్గా చూపిస్తుంది. మన టైము గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. కువైట్‌కు, మనకు తేడా రెండున్నర గంటలు. దుబాయ్‌తో గంటన్నర. లండన్, న్యూయార్క్, సింగపూర్, ఎక్కడ చూసినా చివర ఒక అరగంట తగులుకునే ఉంటుంది.

రాజోలులో రాత్రి 8:40 అయిందనుకోండి. కువైట్‌లో ఉన్న అక్కగారికి అప్పుడు సాయంత్రం 6:10. వాచీలో నాలుగో ముల్లును రెండు గంటలు వెనక్కి పెట్టి ఉంటే అది 6:40 అంటుంది, మీరు అరగంట తీసేయాలి. మూడు గంటలు వెనక్కి పెట్టి ఉంటే 5:40 అంటుంది, మీరు అరగంట కలపాలి. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అయినా రెండో టైము కోసమే అన్ని లక్షలు పెడుతున్నవాళ్లకు ఈ ముక్క ముందే తెలియాలి. గల్ఫ్‌లోనే ఉంటూ అక్కడి టైము, లండన్ టైము చూసుకునేవాళ్లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు.

జీఎంటీ వాచీల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకదానిలో వాచీ ఆగకుండానే గంటల ముల్లు గంట గంటకూ దూకుతుంది. విమానం దిగగానే టైము మార్చుకోవచ్చు, ప్రయాణాలు చేసేవాళ్లకు అది. రెండో రకంలో 24 గంటల ముల్లు దూకుతుంది, అంటే ఇంట్లో కూర్చుని దూరాన ఉన్నవాళ్లకు ఫోన్ చేసేవాళ్లకు అది. షోరూములో క్రౌన్ ఒక మెట్టు లాగి తిప్పి చూపించమనండి, ఏ ముల్లు దూకుతుందో తెలిసిపోతుంది.

మిగతా కొలతలు, త్వరగా

అయస్కాంతం: మెకానికల్ వాచీ గుండెకాయ వెంట్రుకంత సన్నని స్ప్రింగు. దానికి అయస్కాంతం పట్టిందా, చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది. స్పీకర్లు, అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కవర్లు, పెద్ద మోటార్లు ఇందుకు కారణం అవుతాయి. ఉన్నట్టుండి వాచీ ఫాస్ట్ అయితే ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరకు తీసుకెళ్లండి. దిక్సూచి ముల్లు గట్టిగా ఊగితే అనుమానం బలపడినట్టే. దీన్ని తీసేయడం రిపేరు షాపులో నిమిషాల పని, కంగారు పడక్కర్లేదు.

సర్వీసు: మామూలుగా ఐదు నుంచి పదేళ్లకు ఒకసారి మొత్తం విప్పి శుభ్రం చేయించాలి. స్టాప్‌వాచీ ఉన్నవాటికి, అంటే క్రోనోగ్రాఫ్‌లకు, ఖర్చు బాగా ఎక్కువ. రాజమండ్రిలో, కాకినాడలో తరాల నుంచి వాచీలు బాగుచేస్తున్న మంచి చేతులు ఉన్నాయి. హెచ్‌ఎంటీకి వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ ఈ వాచీల మూత తెరిచాక నీటి ఒత్తిడి పరీక్ష చేసే మెషిన్ ఉండాలి, అసలు వాషర్లు దొరకాలి. అందుకే కంపెనీ సర్వీసు సెంటరుకే పంపండి. ఏడాదికోసారి, వానలు మొదలవకముందే, నీటి పరీక్ష ఒక్కటైనా చేయించడం మంచిది.

సైజు: మణికట్టు మీద వాచీ కొమ్ములు, అంటే బెల్టు తగిలించే కొసలు, చర్మం దాటి బయటికి రాకూడదు. సైజు 40 మిల్లీమీటర్లు దాటాక అందరికీ నప్పదు.

| వాచీ | సైజు, మి.మీ. | నీటి రేటింగ్ | రెండో టైము |
|---|---|---|---|
| ఐడబ్ల్యూసీ మార్క్ 20 | 40 | 100 మీ. | లేదు |
| బ్రైట్‌లింగ్ నావిటైమర్ బీ01 క్రోనోగ్రాఫ్ | 41, 43, 46 | 30 మీ. | లేదు |
| రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2 | 40 | 100 మీ. | ఉంది, గంటల ముల్లు దూకుతుంది |
| లాంజీన్స్ స్పిరిట్ | 37, 40 | 100 మీ. | లేదు |
| లాంజీన్స్ స్పిరిట్ జులూ టైమ్ | 39, 42 | 100 మీ. | ఉంది, గంటల ముల్లు దూకుతుంది |
| సిన్ 856 యూటీసీ | 40 | 200 మీ. | ఉంది, 24 గంటల ముల్లు దూకుతుంది |

ఐడబ్ల్యూసీ మార్క్ 20

మార్క్ 11 వంశంలో ఇప్పటిది. నల్ల డయల్, 12 దగ్గర త్రిభుజం, ఒక తేదీ, ఇంకేం లేదు. చీకట్లో, వానలో, కళ్లజోడు లేకుండా కూడా టైము ఠక్కున కనబడుతుంది. దీని ముందు మోడల్‌కు నీటి రేటింగ్ 60 మీటర్లే, దీనికి 100 చేశారు. మన ఊళ్లలో ఆ మార్పు విలువ పెద్దది, అందుకే సెకండ్ హ్యాండ్‌లో మార్క్ 18 చవగ్గా వస్తుందన్నా నేను దీన్నే తీసుకోమంటాను. ఒకసారి నిండా కీ ఎక్కితే 120 గంటలు నడుస్తుంది. శుక్రవారం తీసి బీరువాలో పెట్టి మంగళవారం కట్టుకున్నా టైము సరిగ్గానే ఉంటుంది. బెల్టును పనిముట్టు లేకుండా చేత్తోనే మార్చుకోవచ్చు. కంపెనీలో రిజిస్టర్ చేసుకుంటే వారంటీ ఎనిమిదేళ్ల దాకా వస్తుంది.

ధర ఐదారు లక్షల చుట్టూ తిరుగుతుంది. లోటేమిటంటే, చూసేవాళ్లకు ఇది ఖరీదైన వాచీ అని తెలియదు. అది కొందరికి లోటు, నాకు గుణం.

బ్రైట్‌లింగ్ నావిటైమర్

అందంలో ఈ జాబితాలో దీనికి సాటి లేదు. 1952 నుంచి ఉంది. డయల్ చుట్టూ ఉన్న రెండు అంకెల వలయాలు నిజంగా లెక్కలు చేస్తాయి, వెనకటి పైలట్లు ఇంధనం, వేగం, దూరం వీటితోనే తేల్చుకునేవాళ్లు. కిలో రొయ్య 350 రూపాయలు, 24 కిలోలు తూగాయి అనుకోండి. బయటి వలయంలో 35ను లోపలి వలయంలో 10కి ఎదురుగా తిప్పి పెట్టండి. ఇప్పుడు లోపలి 24కు ఎదురుగా బయట 84 కనిపిస్తుంది. సున్నాలు మీరే కలుపుకోవాలి: 8,400. వాచీని కదపకుండా అదే వరుసలో 12కు ఎదురుగా 42, 16కు ఎదురుగా 56. ఒక్క తిప్పుకు ఆ రేటు మీద ఎక్కాల పుస్తకమంతా బయటపడుతుంది. పిల్లలకు చూపిస్తే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు.

కానీ నీటి రేటింగ్ 30 మీటర్లు. 1962 మే 24న అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ 24 గంటల డయల్ ఉన్న నావిటైమర్ కట్టుకుని అంతరిక్షానికి వెళ్లాడు. అక్కడ వాచీ చక్కగా నడిచింది. తిరిగొచ్చి సముద్రంలో దిగాక ఉప్పునీరు లోపలికి వెళ్లి పాడైపోయింది. అరవై ఏళ్ల తర్వాత, 2022లో, తుప్పు పట్టిన ఆ వాచీని కంపెనీయే జనానికి చూపించింది. ఇప్పటి నావిటైమర్ నాటిదానికన్నా గట్టిదే, అయినా చెరువుల మీద పనిచేసేవాళ్లు, నరసాపురం సఖినేటిపల్లి పంటు మీద రోజూ దాటేవాళ్లు, బండి మీద వానలో తిరిగేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. ఏసీ ఆసుపత్రి, ఏసీ కారు, ఏసీ ఇల్లు అయితే హాయిగా తీసుకోండి. ఎనిమిది తొమ్మిది లక్షల పైమాట. క్రోనోగ్రాఫ్ కాబట్టి సర్వీసు ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2

1950ల్లో పాన్ అమెరికన్ విమాన సంస్థ పైలట్ల కోసం పుట్టింది. ఎరుపు నీలం అంచు ఉన్నదాన్ని అందరూ పెప్సీ అంటారు. తడి విషయంలో దీనికి వంక పెట్టలేం: మూడు అంచెల సీలున్న మర క్రౌన్, పూర్తి స్టీలు చైను, చెమట పడితే కడిగేసుకోవచ్చు. రోజుకు రెండు సెకన్లు అటూ ఇటూ తప్ప తేడా రాకూడదని కంపెనీయే పెట్టుకున్న నియమం. 70 గంటలు నడుస్తుంది. తిరిగి అమ్మితే డబ్బు నిలబడే వాచీ కూడా ఇదే.

ఇబ్బందులు రెండు. మొదటిది, షోరూములో అడగ్గానే దొరకదు. పేరు రాయించుకుని ఎదురుచూడాలి, ఎంతకాలమో ఎవరూ చెప్పరు. పెళ్లి ముహూర్తానికి కావాలంటే దీన్ని నమ్ముకోవద్దు. రెండోది ఆ అరగంట. అంచు తిప్పి సర్దుకుందామన్నా అది 24 మెట్లలోనే తిరుగుతుంది, మెట్టుకు గంట. దుబాయ్‌లో ఉద్యోగం చేసే పైలట్ అబ్బాయికి ఇది సరైన వాచీ, ఎందుకంటే అక్కడి టైముకు, విమానయానం నడిచే యూటీసీ, అంటే గ్రీనిచ్ టైముకు తేడా నిండు నాలుగు గంటలు. ఇక్కడే ఉండే నాన్నగారికి రెండో టైము ముల్లు ఎప్పుడూ అరగంట బాకీ.

లాంజీన్స్ స్పిరిట్, జులూ టైమ్

నన్నడిగితే ఈ డబ్బులో ఎక్కువమందికి చాలే వాచీ ఇదే. ధర రెండున్నర, మూడు లక్షల చోట మొదలవుతుంది. 100 మీటర్లు, మర క్రౌన్, 72 గంటలు, స్విస్ క్రోనోమీటర్ (టైము కచ్చితత్వం) పరీక్ష పాసైన సర్టిఫికెట్, ఐదేళ్ల వారంటీ. స్ప్రింగు సిలికాన్‌ది కాబట్టి ఇందాక చెప్పిన అయస్కాంతం బెడద దానికి అంటదు. చరిత్ర కావాలన్నా లోటు లేదు. 1927లో అమెరికా పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటాక, తన అనుభవంతో గీసిన నమూనాను 1931లో వాచీగా చేసింది ఈ కంపెనీయే. 37 సైజు ఉండటం వల్ల సన్న మణికట్టు మగవాళ్లకు, ఆడవాళ్లకు కూడా కుదురుతుంది. పైలట్ వాచీల్లో అది అరుదు.

జులూ టైమ్‌కు ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి. రోలెక్స్‌లాగే గంటల ముల్లు దూకుతుంది, కాబట్టి దాని బలం, దాని అరగంట ఇబ్బంది రెండూ దీనికీ ఉన్నాయి. సైజు 39 తీసుకోండి. డయల్ మీద ఐదు నక్షత్రాలు కొందరికి నచ్చవు, దగ్గరగా చూసుకుని తేల్చుకోండి.

సిన్ 856 యూటీసీ

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1961లో హెల్ముట్ సిన్ అనే పైలట్ మొదలుపెట్టిన కంపెనీ. మన ఊళ్లలో దీని పేరు ఎవరికీ తెలియదు. కానీ తేమ గురించి ఇంతగా ఆలోచించి చేసిన పైలట్ వాచీ ఈ జాబితాలో ఇంకొకటి లేదు. కేసు లోపల మామూలు గాలి బదులు తేమ లేని వాయువు నింపుతారు. తేమను పీల్చుకునే చిన్న క్యాప్సూల్ కూడా ఒకటి అమరుస్తారు. అది తేమ పీల్చేకొద్దీ లేత రంగు నుంచి ముదురు నీలంలోకి మారుతుంది, అంటే సర్వీసుకు ఎప్పుడు పంపాలో వాచీయే చెబుతుంది. 200 మీటర్లు, గీతలు తేలిగ్గా పడని గట్టి స్టీలు, అయస్కాంతం నుంచి రక్షణ. చెరువు గట్టు మీద పగలూ రాత్రీ ఉండే ఆక్వా రైతుకు నేను మనస్ఫూర్తిగా చెప్పే వాచీ ఇది.

సర్వీసుకు మాత్రం దూరం పంపాలి, ఆ క్యాప్సూల్, వాయువు మళ్లీ నింపడం అందరూ చేసే పని కాదు. నలుగురిలో గుర్తింపు కావాలనుకునేవాళ్లకు, అమ్మితే రేటు రావాలనుకునేవాళ్లకు ఇది నప్పదు.

ఎవరికి ఏది

ఆక్వా రైతుకు సిన్, అది అందుబాటులో లేకపోతే స్టీలు చైనుతో లాంజీన్స్ స్పిరిట్. అల్లుడి కానుకకు మార్క్ 20: ఏ వయసుకైనా, ఏ బట్టలకైనా సరిపోతుంది, ముహూర్తానికి చేతికొస్తుంది. అబ్బాయి మణికట్టు సన్నమైతే స్పిరిట్ 37. డాక్టరుగారికి, లాయరుగారికి నావిటైమర్ మీద మనసైతే అడ్డు చెప్పను, వానాకాలంలో కట్టుకోవడానికి ఇంకొక వాచీ ఉంటే చాలు. గల్ఫ్‌లో, విదేశీ విమానాల్లో పనిచేసేవాళ్లకు జులూ టైమ్, ఎదురుచూసే ఓపిక, డబ్బు ఉంటే రోలెక్స్. ఇక్కడే ఉండి పిల్లలకు ఫోన్ చేసుకునే పెద్దవాళ్లు రెండో టైము కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు, ఫోన్ చూపించే టైము అరగంటతో సహా సరిగ్గా ఉంటుంది.

కొనేటప్పుడు

రెండు లక్షలు దాటితే పాన్ నంబరు ఇవ్వాలి, రెండు లక్షలు అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి కట్టే పన్ను) అదనంగా వసూలు చేస్తున్నారు. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, కాబట్టి రసీదు పారేయొద్దు. స్విట్జర్లాండ్‌తో వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏటేటా తగ్గుతూ పోతుంది. నేను పైన చెప్పిన ధరలు ఉజ్జాయింపే, కొనే రోజు షోరూములో కనుక్కోండి.

దుబాయ్ నుంచి వచ్చే బావగారి చేతికి కట్టించి తెప్పిస్తే కలిసొస్తుందన్న ఆలోచన చాలామందికి ఉంటుంది. చేతికి కట్టుకున్నంత మాత్రాన కొత్త వాచీకి మినహాయింపు రాదు. ఉచిత పరిమితి దాటిన విలువకు విమానాశ్రయంలో సుంకం కట్టాలి, చెప్పకుండా దాటబోయి పట్టుబడితే వాచీనే స్వాధీనం చేసుకోవచ్చు. అక్కడ కొంటే బిల్లు, వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ చూసుకుని, సుంకం కలిపాక కూడా హైదరాబాద్ ధర కన్నా తక్కువ పడితేనే తెప్పించుకోండి.

కొన్నాక ఎప్పుడైనా అద్దం లోపలి వైపు ఆవిరి పట్టినట్టు కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. ఆవిరి కళ్ల ముందు పోయినా తేమ లోపలే ఉండి తుప్పు మొదలుపెడుతుంది. క్రౌన్ కదపకుండా, ఆ వారంలోనే సర్వీసు సెంటరుకు చేర్చండి.